షామియానా వారి ఇంట్లో తుపాను టీచరమ్మ

నేను అమీర్‌పేట్‌లో ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే వాళ్లకు భూగోళశాస్త్రం చెబుతాను. ఉండేది పంజాగుట్టలో, ఒక టెంట్ హౌస్ వాళ్ల ఇంటి మేడ మీది పోర్షన్‌లో. కింద ఇంటాయన, ఆయన భార్య, అప్పటికింకా పెళ్లికాని చిన్న కూతురు ఉండేవారు. ఇంటి ముందు ఖాళీ స్థలమంతా షామియానా గొట్టాలు, తాళ్ల చుట్టలు, ఒకదానిలో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, బోర్లించిన దేగ్‌లు, అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నెలు. అద్దెకు దిగిన కొత్తలో మెట్ల దాకా చేరాలంటే రోజూ ఒక పెళ్లిని దాటుకుని వెళ్తున్నట్టుండేది.

ఇంటాయనకు అరవై దాటాయి. నేను ఆయన్ని భాయ్‌సాబ్ అంటాను, ఆయన నన్ను టీచరమ్మా అంటారు. మనిషికి దేనికీ బెదురు లేదు. నాలుగంతస్తుల ఎత్తున వెదురు కర్రలు కట్టేటప్పుడు కూడా కింద నిలబడి అరవడం చాలక తానే ఎక్కేస్తారు. ఒక్క వానంటే మాత్రం హడలిపోతారు. తడిసిన షామియానా గుడ్డను సరిగా ఆరకముందే మడిస్తే నల్లటి మచ్చలు పడతాయి, అవి ఎంత ఉతికినా పోవు. ఆయన గుడ్డ విప్పి ఒక్కో మచ్చనూ వేలితో చూపిస్తూ దాని చరిత్ర చెప్పేవారు. "గిది బేగంపేట్ రిసెప్షన్. గిది ఎర్రమంజిల్ కాడ బారసాల. గీ పెద్ద మచ్చ ఉన్నది సూడుండ్రి, గది ఒక రిటైర్‌మెంట్ ఫంక్షన్. పాపం, గాయన స్పీచ్ సుత అయిపోలే."

ఒక సెప్టెంబరు సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను. ఒళ్లో బంగాళాఖాతం పటం ఉంది. ఆయన వచ్చి దాన్ని తలకిందులుగానే కాసేపు చూసి అడిగారు.

"టీచరమ్మా, మీరు తుఫాన్ల పాఠం చెప్తరంట గదా. ఈ యేడు తుఫాన్లు వస్తయా, రావా? అక్టోబర్, నవంబర్ల నాకు పెండ్లిళ్లు మస్తుగున్నయ్."

పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ, మార్కుల కోసం కాకుండా నిజంగా అవసరమై ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఉప్పొంగిపోయాను. మెట్ల మీదే మొదలుపెట్టాను. సముద్రం పైపైన కాదు, లోతు దాకా వెచ్చగా ఉండాలని, గాలిలో మధ్య ఎత్తుల దాకా తేమ ఉండాలని, కింది గాలి ఒక దిక్కుకు, పై గాలి ఇంకో దిక్కుకు లాగకూడదని చెప్పాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కింద గాలి పడమర నుంచి, పైన గాలి తూర్పు నుంచి వీస్తాయి. ఆ లాగులాటలో మేఘం నిటారుగా నిలవలేదు కాబట్టే, వానాకాలం నడుమ సముద్రం వెచ్చగానే ఉన్నా పెద్ద తుపాన్లు అరుదు. అక్టోబరు వచ్చేసరికి ఆ గాలులు నెమ్మదిస్తాయి, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది.

ఆయన మర్యాదగా తలూపారు. అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది.

ఇంటి ముందు ఒక దేగ్‌లో నీళ్లు కాగుతున్నాయి, మర్నాటి విందుకని ఆయన భార్య ఏదో మొదలుపెట్టింది. నేను ఆవేశంగా లేచి ఆయన్ని దాని దగ్గరకు తీసుకెళ్లాను. నిటారుగా లేస్తున్న ఆవిరిని చూపించి, "పొయ్యి మీది నీళ్లే సముద్రం. ఈ ఆవిరి ఇలా నిలువుగా లేస్తే తుపానుకు ప్రాణం. ఇప్పుడు చూడండి," అని పక్కనే ఉన్న పెడస్టల్ ఫ్యాన్‌ను అటు తిప్పి స్విచ్ వేశాను. ఆవిరి చెల్లాచెదురైపోయింది. ఆవిరితో పాటు పొయ్యిలోని బూడిద కూడా లేచి, ఫ్యాన్ గాలికి వరండాలోకి వెళ్లి, అక్కడ చల్లారడానికి మూత తీసి పెట్టిన పాయసం మీద తీరిగ్గా కూర్చుంది.

ఆవిడ లోపలి నుంచి వచ్చి గిన్నెను చూసింది, భర్తను చూసింది, నన్ను చూసింది.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"సైన్సు," అన్నారు భాయ్‌సాబ్.

పాయసం పోయింది గానీ, ఆయనకు విషయం పూర్తిగా ఎక్కింది. "అంటె పొయ్యి ఎంత మండినా పంకా తిరుగుతుంటె బిర్యానీ దమ్ కాదు. గంతేనా?" అన్నారు. అంతే అన్నాను. మా విద్యార్థుల్లో సగం మంది ఏడాది పొడుగునా ఇంత బాగా చెప్పలేదు.

ఆయన అడిగినదానికి మాత్రం నేనింకా జవాబు చెప్పలేదు. ఆ ఏడు పసిఫిక్ మధ్యలో నీళ్లు మామూలు కంటే చల్లబడ్డాయి. లానినా అంటారు దాన్ని. అలాంటి సంవత్సరాల్లో గాలుల నడక మారి బంగాళాఖాతం మీద తేమ పెరగడం, కింది గాలీ పై గాలీ చెరో దిక్కుకు లాగే కోత తగ్గడం ఎక్కువగా చూస్తాం. అందుకని తుపాన్లకు అవకాశం కొంచెం ఎక్కువని చెప్పాను.

"పసిఫిక్ ఏడుంటది?"

"అమెరికాకి ఇటు పక్కన."

"గాడ నీళ్లు సల్లగయితె పంజాగుట్టల నా షామియానా తడుస్తదా?" ఆయన నా వైపు జాలిగా చూశారు. "సరే, ఏ తారీఖు?"

"తారీఖు చెప్పలేం భాయ్‌సాబ్. సీజన్ మొత్తం మీద అవకాశం ఎక్కువ, అంతే."

ఆయన తనంతట తనే ఒక దారి కనుక్కున్నారు. "అమీర్‌పేట్ మెట్రో కింద పొద్దుగాల తొమ్మిదింటికి జామ్ అయితదని ఎవడైనా చెప్తడు. మీ స్కూటీ ఏ కారు ఎనక ఆగుతదో ఎవడు సుత చెప్పలేడు. గట్లనా?"

"సరిగ్గా అంతే."

ఇంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి, మర్నాడు పొద్దున్నే సందు చివర చాయ్ హోటల్లో ఏం చెప్పారంటే, "టీచరమ్మ చెప్పింది. ఈ యేడు తుఫాన్ పక్కా."

ఆ రోజు నుంచి నేను సందు మొత్తానికీ తుపాను టీచరమ్మనయ్యాను. బట్టలు ఇస్త్రీ చేసే అతను కిటికీలోంచి చేయి చాపి ఆకాశం చూపించి కనుబొమలెగరేసేవాడు. మేడల మీద అప్పడాలు పెట్టుకునే ఆడవాళ్లు నేను స్కూటీ తీస్తుంటే పిలిచి, పెట్టుకోవచ్చా అని అడిగేవారు. నాకు ఇబ్బందిగా ఉండేది. నిజం చెప్పాలంటే, కొంచెం బాగానే ఉండేది కూడా.

అసలు చిక్కు ఏమిటంటే, ఆ నవంబరులోనే వాళ్ల చిన్నమ్మాయి నిఖా. నలభై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లకూ పందిళ్లు వేసిన మనిషి, సొంత కూతురి పెళ్లికి తన జీవితంలోకెల్లా పెద్ద షామియానా వేద్దామని రెండేళ్లుగా ఊహించుకుంటున్నారు. సనత్‌నగర్‌లో వెల్డింగ్ పని చేసే స్నేహితుడి చేత గుమ్మటం లాంటి ఇనుప చట్రం కూడా చేయించారు. ఇప్పుడు ఆయన ఆ చట్రాన్ని చూస్తారు, నన్ను చూస్తారు, ఆకాశాన్ని చూస్తారు.

"నేను తారీఖు చెప్పలేదు భాయ్‌సాబ్," అన్నాను పదోసారి.

"చెప్పలే. గని ఎక్కువన్నరు."

చివరికి ఆయన ఫంక్షన్ హాల్ బుక్ చేశారు. టెంట్ హౌస్ ఆయన కూతురి పెళ్లి వేరేవాళ్ల సిమెంటు కప్పు కింద! ఆ వ్యాపారంలో ఉన్న ఆయన తోటివాళ్లు పరామర్శించడానికి వచ్చినట్టు వచ్చి వెళ్లారు.

పెళ్లికి వారం ముందు నుంచి నేను రోజుకు నాలుగుసార్లు ఉపగ్రహ చిత్రాలు చూసేదాన్ని. బంగాళాఖాతంలో ఒక మేఘాల గుంపు కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రా, రా, అనుకున్నాను. ఆ మాట మనసులో వినబడగానే నా మీద నాకే సిగ్గేసింది. నేను పుట్టిందీ పెరిగిందీ తీరాన. చిన్నప్పుడు ఒక తుపానుకు మా బడి రేకులు పక్క ఊరి వరిచేలల్లో తేలాయి. వారం పాటు అన్నంలోకి పచ్చడి తప్ప ఏమీ లేదు. మా అమ్మ తడి కట్టెలతో పొయ్యి రాజేయలేక ఏడవడం ఆ వారమే మొదటిసారి చూశాను. అలాంటిదాన్ని, పంజాగుట్టలో నా మాట నెగ్గడానికి తుపాను కోరుకుంటున్నాను. ఫోను పక్కన పడేశాను. ఆ సీజన్‌లో తుపాన్లు రాకపోలేదు. ఒకటి ఉత్తరానికి తిరిగి పోయింది. పెళ్లి ముందు నేను ఎదురుచూసింది మాత్రం తీరం దాకా రాకుండానే నీరసించిపోయింది.

పెళ్లి రోజు హైదరాబాదు మీద ఒక్క మబ్బు లేదు. మధ్యాహ్నం నిఖా అయి భోజనాలు మొదలయ్యేసరికి ఎండ పెళపెళా కాస్తోంది. హాలు లోపల ఏసీ సరిగా పనిచేయక, జనం పళ్లేలు పట్టుకుని బయటికొచ్చి చెట్ల నీడన నిలబడి తింటున్నారు. అంటే ఆరుబయటే. భాయ్‌సాబ్ తోటి వ్యాపారస్తుడొకాయన నా ఎదుటికొచ్చి, నుదుటి చెమట తుడుచుకుంటూ ఎంతో వినయంగా అడిగాడు.

"మేడమ్, జర గొడుగు ఉంటె ఇస్తరా?"

తలెత్తకుండా బిర్యానీ తిన్నాను. ఎంత తిన్నానో తెలియలేదు. భాయ్‌సాబ్ భార్య పక్కన కూర్చుని, నా పళ్లెంలో ఇంకో ముక్క వేసి, "తినుండ్రి టీచరమ్మా. పాయసం కూడా ఉంది, దానిపైన మూత పెట్టిన," అంది.

మరుసటి ఏడు ఎవరేమడిగినా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆగస్టు వచ్చింది. ఈసారి పసిఫిక్ వేడెక్కింది, ఎల్‌నినో. బంగాళాఖాతం కొంచెం చప్పగా ఉండే అవకాశమే ఎక్కువ. భాయ్‌సాబ్ మెట్ల దగ్గర తాళ్లు పేనుతూ రోజూ నా ముఖం చూసేవారు, అడిగేవారు కాదు. ఆ అడగకపోవడమే భరించలేకపోయాను. మూడు వారాలకు నేనే బయటపడ్డాను.

"ఈసారి తక్కువే ఉండొచ్చు భాయ్‌సాబ్."

"అల్లా మీకు మంచి చెయ్యాలె," అన్నారాయన, గుమ్మటం చట్రం మీది దుమ్ము దులుపుతూ.

ఆ ఏడే మా కోచింగ్ సెంటర్ డైరెక్టర్ ఒక సన్మాన సభ తలపెట్టారు. మా దగ్గర చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న వాళ్లందరికీ శాలువాలు, అమీర్‌పేట్‌లో ఒక స్కూలు గ్రౌండ్‌లో. డైరెక్టర్‌గారిది కృష్ణా జిల్లా. ఇస్త్రీ మడత నలగని మనిషి. షామియానాకు మా ఇంటాయన పేరు నేనే చెప్పాను.

"ఏంటి మేడమ్, నవంబరు కదా, వాన గీన ఉంటుందంటారా?"

"ఈ ఏడు తక్కువ సర్," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పసిఫిక్ గురించి పది నిమిషాలు చెప్పాను. ఆయన ముగ్ధులై తేదీ ఖాయం చేశారు.

సభకు అయిదు రోజుల ముందు, ఆ సీజన్ మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క అల్పపీడనం బంగాళాఖాతంలో లేచింది. మర్నాటికి వాయుగుండమైంది. సీజన్ సంగతి వేరు, కళ్లెదుట లేచిన దాని దారి వేరు. దాని దారి నాలుగైదు రోజుల ముందే బాగానే చెప్పగలరు. సూటిగా ఆంధ్ర తీరం, అక్కడి నుంచి బలహీనపడుతూ మన వైపు అని వాతావరణ సూచనలో ఉంది. పరుగెత్తుకుంటూ డైరెక్టర్‌గారి గదికి వెళ్లి, సభ వాయిదా వేద్దాం సర్ అన్నాను.

"మీరే కదండీ తక్కువన్నారు?"

"తక్కువే సర్. కానీ ఇదొకటి వస్తోంది."

"బ్యానర్లు అచ్చయిపోయాయి మేడమ్. ఇప్పుడు మీరు మాట మార్చితే ఎలా?"

భాయ్‌సాబ్‌కు చెబితే ఆయన వాదించలేదు. ఇంకో రెండు వరసల తాళ్లు కట్టించి, మూడు పొడవాటి వెదురు కర్రలు తెప్పించారు. ఒకటి నా చేతికిచ్చి, "మీరు చెప్పింది నిజమైతె గిది అక్కరకొస్తది," అన్నారు.

సభ రోజు పొద్దున్నుంచే ముసురు. పదకొండింటికి వాన పట్టుకుంది. తుపాను గాలి సముద్రం ఒడ్డునే వదిలేసి వచ్చింది గానీ, నీళ్లు మాత్రం ఒక్క చుక్క వదలకుండా మోసుకొచ్చింది. షామియానా గుడ్డ అక్కడక్కడ కుండల్లా కిందికి దిగడం మొదలైంది. భాయ్‌సాబ్, నేను, ఆయన మనుషులిద్దరు కర్రలతో ఆ కుండల్ని కింద నుంచి ఎత్తి నీళ్లను అంచుల వైపు తోస్తున్నాం.

"నడుమల పొడువకుండ్రి టీచరమ్మా! అంచుకు తోయుండ్రి!" అని ఆయన అరుస్తూనే ఉన్నారు.

వేదిక మీద డైరెక్టర్‌గారు మైకు అందుకున్నారు. కార్యక్రమం నడిపించడానికి, సినిమా వేషాల వాళ్లుండే కృష్ణానగర్ నుంచి ఒక నటుణ్ణి పిలిపించారు. సీరియళ్లలో డాక్టరుగా వచ్చి, సారీ చెప్పి వెళ్లిపోయే వేషాలు ఆయనవి. ఆయన గొడుగు పట్టుకుని డైరెక్టర్‌గారి పక్కన నిలబడ్డాడు. డైరెక్టర్‌గారు దాన్ని సైగతో పక్కకు తీయించి, గొంతు సవరించుకున్నారు.

"మన సంస్థలో ప్రణాళిక లేకుండా ఏ పనీ జరగదు."

సరిగ్గా అప్పుడే వేదిక అంచున ఒక పెద్ద నీళ్ల కుండ కనిపించింది నాకు. మంచి ఉద్దేశంతోనే కర్ర పెట్టి పైకి ఎత్తాను. నడుమన పొడిచాను. నీళ్లన్నీ ఒక్కసారిగా జారి పక్క కుండలో కలిశాయి. ఆ పక్క కుండ డైరెక్టర్‌గారి నెత్తి మీద ఉంది. గుడ్డ కుట్టు పర్రుమంది. నలుగురు స్నానం చేసేటన్ని నీళ్లు ఆయన ఒక్కరి మీదే పడ్డాయి.

ముందు వరసల వాళ్లు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. కృష్ణానగర్ నటుడికి మాత్రం ఇలాంటివి అలవాటేమో, తొణక్కుండా మైకు అందుకుని, "సార్ గారికి ఒక్కసారి గట్టిగా చప్పట్లు!" అన్నాడు. మూడు వందల మంది చప్పట్లు కొట్టారు.

డైరెక్టర్‌గారు కళ్లద్దాలు తీసి, తుడుచుకోవడానికి పొడి గుడ్డ కోసం ఒళ్లంతా తడుముకున్నారు. దొరకలేదు. ఎదురుగా కర్ర పట్టుకుని నేను.

"ఏంటి మేడమ్ ఇది?"

"తక్కువన్నాను సర్. లేదని అనలేదు." కర్రను వెనక్కి దాచుకున్నాను.

భాయ్‌సాబ్ ముందుకొచ్చారు. ఆయనా తలనుంచి కాళ్లదాకా నీళ్లే. "సార్, తక్కువ అంటె గిదే. సీజన్ మొత్తానికి ఒక్కటే వచ్చింది. మనింటికి వచ్చింది, గంతే. పోయినేడు ఎక్కువన్నది, నా బిడ్డ పెండ్లికి ఒక్కటి సుత రాలే. నేనేమన్న అన్ననా?"

ఏడాది తర్వాత, ఆ వానలో, ఆయన నన్ను ఏమీ అనుకోలేదని అప్పుడు తెలిసింది నాకు. కళ్లు తడిశాయి. అదృష్టవశాత్తూ అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి.

"రేపు తొమ్మిదింటికి నా రూముకి రండి," అన్నారు డైరెక్టర్‌గారు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మర్నాడు వెళితే ఆయన మఫ్లర్ చుట్టుకుని, జలుబుతో మూసుకుపోయిన గొంతుతో కూర్చుని ఉన్నారు. వేడినీళ్లు ఒక గుక్క తాగి, గుసగుసలాంటి గొంతుతో చెప్పారు.

"అవకాశం తక్కువ అంటే అర్థం ఏంటో అన్ని బ్యాచులకీ కలిపి ఆదివారం ఒక క్లాసు పెట్టండి. నేనూ వస్తాను."

ఆదివారం పెద్ద హాల్లో ఎనభై మంది, చివరి వరసలో మఫ్లర్‌తో డైరెక్టర్‌గారు. నేను మొదలుపెట్టబోతుండగా తలుపు తోసుకుని భాయ్‌సాబ్ వచ్చారు. కూతురి పెళ్లికి కుట్టించిన షేర్వానీ, అత్తరు. మొదటి బెంచీలో ఒక అమ్మాయిని జరగమని కూర్చున్నారు.

గంటన్నర చెప్పాను. వెచ్చటి నీళ్లు, తేమ, గాలుల కోత. నదుల మంచినీరు తేలికగా పైన పరుచుకుని బంగాళాఖాతాన్ని ఎలా వెచ్చగా పట్టి ఉంచుతుందో చెప్పాను. పసిఫిక్ వేడీ చలువా సీజన్‌ను ఒక పక్కకు మొగ్గేలా చేస్తాయి గానీ, ఒక్క తుపాను పుట్టే రోజును నిర్ణయించవని చెప్పాను. భూమధ్యరేఖ వెంట నెలా రెండు నెలలకోసారి తూర్పుకు నడిచే పెద్ద మేఘాల గుంపు మన వైపు వస్తే, రెండు మూడు వారాల ముందు కొంత ఆనవాలు దొరుకుతుందని చెప్పాను. చప్పటి సీజన్‌లోనైనా ఒక్కటి చాలని అన్నప్పుడు చివరి వరసలోంచి పెద్ద తుమ్ము వినిపించింది.

భాయ్‌సాబ్ చేయెత్తారు.

"టీచరమ్మా, పంకా తిరుగుతె దమ్ కాదన్నరు. మంచిగున్నది. గని గా పంకా నవంబర్ పదో తారీఖు తిరుగుతదా, బందుంటదా అని అక్టోబర్ల ఎట్ల తెలుస్తది?"

మామూలుగా అయితే ఇలాంటి ప్రశ్నకు బోర్డు మీద ఏదో ఒక పటం గీసి, బాణం గుర్తులు పెట్టి, గంట మోగేదాకా లాగేస్తాను. ఆ రోజు సుద్దముక్క కింద పెట్టాను.

"తెలియదు భాయ్‌సాబ్. నాకే కాదు, నెల ముందు ఆ తేదీ సంగతి ఎవరికీ తెలియదు."

హాలంతా కలాలు ఆగిపోయాయి. రెండో వరసలో ఒక కుర్రాడు అయోమయంగా లేచి, "మేడమ్, ఇది రాసుకోవాల్నా?" అని అడిగాడు.

"రాసుకోండి," అన్నాను.

ఎనభై మందీ తలలు వంచి రాసుకున్నారు. భాయ్‌సాబ్ పక్కనున్న అమ్మాయిని ఒక కాగితం, పెన్ను అడిగి తీసుకుని, అత్తరు వాసనల మధ్య, కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా ఉర్దూలో రాసుకున్నారు.